ఫిజాక్‌లో పెద్దాయనతో ఒక శనివారం

పోయిన వారం ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి మెయిల్ వచ్చింది. పెద్దాయన కొడుకు రాశాడు. నాన్న పోయారని, పెద్దగా బాధ పడలేదని, ఫిజాక్‌లో నాయనమ్మ పక్కనే సమాధి చేశామని. చివర్లో ఒక్క వాక్యం అదనంగా ఉంది: "శనివారం, సంత జరిగే రోజే అంత్యక్రియలు పెట్టాం. ఆయనకు అలాగే ఇష్టమని." ఆ మాట చదివాక ఇక ఆ పూట పని ముందుకు సాగలేదు. మీటింగ్ వాయిదా వేసుకుని, కిందికి దిగి, హైటెక్ సిటీ ట్రాఫిక్ పక్కన ఫుట్‌పాత్ మీద కాసేపు నడిచాను. నడవడమైనా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంపెనీ నన్ను ఆన్‌సైట్ పని మీద తులూజ్ పంపింది. విమానం రెక్కల భాగాల డిజైన్ పని. మా టీమ్‌లో ఆయనే పెద్దవాడు, రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డాడు. తెల్ల జుట్టు, మోచేతుల దగ్గర తోలు కుట్టిన స్వెటర్. కంప్యూటర్‌లో గీసేముందు ప్రతిదీ పెన్సిల్‌తో కాగితం మీద గీసుకునేవాడు. పేరు పెట్టి పిలవమని అందరూ చెప్పినా నాకు నోరు రాలేదు. మనసులో ఆయన నాకు "పెద్దాయన". ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు కూడా అదే పేరు.

సోమవారం ఉదయం ఆయన అడిగే మొదటి ప్రశ్న, శని ఆదివారాలు ఏం చేశావని. బట్టలు ఉతుక్కున్నాను, కూరగాయలు తెచ్చుకున్నాను, ఇంటికి ఫోన్ చేశాను. ఎన్ని సోమవారాలైనా నా జవాబు అదే. ఒక శుక్రవారం సాయంత్రం కోటు తొడుక్కుంటూ అన్నాడు: "రేపు మా అమ్మ దగ్గరికి ఊరెళ్తున్నాను. నువ్వూ రా. చూడ్డానికి గొప్ప వింతలేం లేవు. నడుద్దాం, తిందాం, మళ్ళీ నడుద్దాం."

* * *

తులూజ్ మతబియో స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే ఫిజాక్‌కి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. చిన్న రైలు. గయాక్ దాకా ద్రాక్షతోటలు, తర్వాత అవెరోన్ నది లోయలోకి దిగుతుంది. సొరంగం, వంతెన, మళ్ళీ సొరంగం. చీకట్లోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ నది ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనిపించేది. నజాక్ దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన నా భుజం తట్టి పైకి చూడమన్నాడు. కొండ వెన్ను మీద వరసగా ఇళ్ళు, కొసన పాడుబడిన కోట. కళ్ళార్పితే పోతుంది. మళ్ళీ సొరంగం.

ఫిజాక్ స్టేషన్ సెలే నదికి ఇవతలి ఒడ్డున ఉంది, ఊరు అవతల. వంతెన మీదికి రాగానే ఆయన నడక మారిపోయింది. ఆఫీసులో వరండా చివరి దాకా గబగబా వెళ్ళే మనిషి, ఇక్కడ పది అడుగులకోసారి ఆగుతున్నాడు. నీళ్ళెంత ఉన్నాయో చూడడానికి ఒకసారి. గాలం వేసిన ముసలాయనకి చేయి ఊపడానికి ఒకసారి. ఒకప్పుడు ఈ ఒడ్డున తోళ్ళు ఊనేవాళ్ళట. చిన్నప్పుడు తన తాత ఈ వంతెన దాటేటప్పుడల్లా, ఇప్పుడు వాసనే లేదని ఆశ్చర్యపోయేవాడని చెప్పాడు.

పదివేల జనాభా ఉన్న ఊరు అది. మన దగ్గర మండల కేంద్రమంత. కానీ రాళ్ళ వయసు చూస్తే చాలా పెద్దది. తొమ్మిదో శతాబ్దంలో ఒక మఠం చుట్టూ పుట్టిందట. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల ఇళ్ళలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. కింద దుకాణం, పైన ఇల్లు, ఇంటి నెత్తిన కప్పు కింద గోడల్లేకుండా స్తంభాలతో ఖాళీగా ఉండే అటక. దాన్ని అక్కడ సొలెయో అంటారు. తోళ్ళు, బట్టలు, కట్టెలు, పండ్లు ఆరబెట్టుకోవడానికి కట్టుకున్నారట. తల పైకెత్తి చూస్తూ నడిస్తే వీధి వీధినా అవే. కింద దుకాణాల అద్దాలు చూస్తూ పోయేవాళ్ళకి ఆ ఊరు సగమే కనిపిస్తుందని ఆయన నమ్మకం.

* * *

ముందు సంతకే వెళ్ళాం. వాళ్ళమ్మ ఫోన్లో చెప్పిన జాబితా ఆయన అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు. ప్లాస్ కార్నో అనే కూడలిలో ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద కప్పు, దాని కిందా చుట్టుపక్కల వీధుల్లోనూ శనివారం సంత. కొత్త వెల్లుల్లి, ఆకుపచ్చ కాడలతో సహా కట్టలు కట్టి ఉంది. స్ట్రాబెర్రీలు, తెల్ల ఆస్పరాగస్, తేనె, అక్రోట్ నూనె సీసాలు, బాతు మాంసం. ఒక అవ్వ ముందు డజను గుడ్లు, మూడు పాలకూర మోపుల్లాంటివి, ఒక గుప్పెడు పూలు తప్ప ఇంకేం లేవు. అవి అమ్ముడైపోతే ఇంటికి పోతుంది. ఆమెను చూడగానే తెనాలి మార్కెట్లో పొద్దున్నే ములక్కాడలు, రెండు మోపుల గోంగూర ముందేసుకుని కూర్చునే వాళ్ళు గుర్తొచ్చారు.

అక్కడ ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు "బోంజూర్ మదామ్" అనాలి. ఆమె తిరిగి అనాలి. అప్పుడు గానీ ధర మాట రాదు. జున్ను అమ్మే ఆమె ముందు ఆ కాస్తా అయ్యాక, ఆమె అడిగిన మొదటి ప్రశ్న నన్ను కట్టిపడేసింది. "ఎప్పుడు తింటారు?" మధ్యాహ్నానికైతే ఒకటి, రాత్రికైతే ఇంకొకటి, మంగళవారానికైతే మరొకటి. రొకమదూర్ అని మేకపాలతో చేసే చిన్న చిన్న బిళ్ళలు, ఒక్కోటి 35 గ్రాములు. రోజులు గడిచేకొద్దీ తెల్లటి మెత్తదనం పోయి, పైపొర ముడతలు పడి, రుచి ఘాటెక్కుతుంది. కొనేవాళ్ళు ఏ పూట తింటారో అడిగి, వేలితో మెల్లగా నొక్కి చూసి ఇచ్చే మనిషి. మా అమ్మమ్మ మామిడిపండ్ల గంపలోంచి "ఇది ఇవాళ, ఇది ఎల్లుండి" అని ఏరి పెట్టేది. ఆ తర్వాత అలా ఏరి ఇచ్చేవాళ్ళు నాకు మళ్ళీ ఇక్కడే కనిపించారు.

వయసు మళ్ళిన వాళ్ళు కొందరు మాట్లాడేది ఫ్రెంచ్‌లా లేదు. పలుకు గట్టిగా, గుండ్రంగా ఉంది. అది ఒక్సితాన్, అక్కడివాళ్ళు పత్వా అంటారు. పెద్దాయన ఆగి విన్నాడు గానీ ఫ్రెంచ్‌లోనే జవాబిచ్చాడు. అమ్మకు వచ్చు, నాకు అర్థమవుతుంది, నా కొడుక్కి ఒక్క ముక్క తెలీదు అన్నాడు. అంటున్నప్పుడు జేబులో చిల్లర వెతుక్కుంటున్నాడు. కానీ చాలాసేపు వెతికాడు.

* * *

వాళ్ళ ఇల్లు ఊరి పైభాగంలో, కొండమీది నోత్రదామ్ చర్చికి వెళ్ళే ఏటవాలు సందులో. ఎనభై దాటిన మనిషి రోజూ ఆ మెట్లు దిగి ఎక్కుతుందంటే నమ్మలేకపోయాను. తలుపు తీసి ముందు నా బూట్లు చూసింది. "ఈ రాళ్ళ మీద నడవడానికి పనికొస్తాయి, రా" అంది.

నేను మాంసం తిననని కొడుకు ముందే చెప్పాడు. బాతుల దేశంలో, బాతు కొవ్వుతో తప్ప వంట చేయని ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఆమె నా కోసం వెన్నతో పాస్తీస్ చేస్తోంది. వంటింటి బల్ల మీద తెల్ల దుప్పటి పరచి, పిండి ముద్దను మధ్యలో పెట్టి, బల్ల చుట్టూ తిరుగుతూ వేళ్ళ వెనకభాగంతో లాగుతుంటే, అది సాగి సాగి బల్ల నాలుగంచులూ దాటి వేలాడింది. కింద దుప్పటి మీద ఉన్న నీలి గీతలు పిండిలోంచి కనిపిస్తున్నాయి. అచ్చం ఆత్రేయపురం పూతరేకు. కాసేపు ఆరనిచ్చి, వెన్న, పంచదార చల్లి, ఆపిల్ ముక్కలు పేర్చి చుట్టింది. నన్ను ఒక మూల పట్టుకోమంది. చిరిగింది. "చిరిగిన చోటే ఎక్కువ కరకరలాడుతుంది" అని దాన్ని పైకి వచ్చేట్టు మడిచింది.

పన్నెండు గంటలకి గంటలు మోగాయి. కిటికీలోంచి చూస్తుండగానే కింద వీధి ఖాళీ అయిపోయింది. దుకాణాల షట్టర్లు ఒకటొకటిగా దిగిన చప్పుడు, తర్వాత ఎదురింటి కిటికీలోంచి, పక్కింటి కిటికీలోంచి ప్లేట్ల మీద స్పూన్ల చప్పుడు. రెండు గంటల వరకు ఊరంతా భోజనం చేస్తుంది. మందుల షాపు కూడా. నా చిన్నప్పుడు తెనాలిలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఇలాగే ఉండేవి. బట్టల కొట్లవాళ్ళు సగం తలుపు వేసి ఇంటికి పోయి, తిని, ఒక కునుకు తీసి వచ్చేవాళ్ళు. ఇప్పుడు అక్కడ ఎవరూ తలుపు వేయడం లేదు.

మొదట సూప్. నోట్లో పెట్టుకోగానే ఆగిపోయాను. చుక్కకూర. కాదు, దాని దగ్గరి చుట్టం, అక్కడ ఒజెయ్ అంటారు. అదే పులుపు. ఇంటి వెనక కుండీలోంచి కోసి, వెన్నలో మగ్గించి, బంగాళదుంపలతో ఉడికించి, దించాక గుడ్డు పచ్చసొన కలిపింది. ఇల్లు వదిలి ఎన్ని నెలలైందో ఆ ఒక్క ముద్దతో తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది, ఏమీ అడగలేదు, గరిటెతో ఇంకాస్త పోసింది.

ఇద్దరూ సూప్ అడుగున రెండు గుక్కలు మిగిల్చారు. అందులో కాస్త ఎర్ర వైన్ ఒంపుకుని, గిన్నె కలియదిప్పి, రెండు చేతులా ఎత్తి తాగేశారు. దాన్ని షబ్రో అంటారట. ఇప్పుడు హోటల్లో అలా చేస్తే పిల్లలు నవ్వుతారని ఆమె చెప్పింది. నాకు మా తాత కంచంలో చివరి మజ్జిగ ఎత్తి తాగడం గుర్తొచ్చింది. అది చెప్పాలనుకున్నాను గానీ నా ఫ్రెంచ్ అంత దూరం రాలేదు. చేతులతో చేసి చూపిస్తే ఆమెకు అర్థమైంది.

గోడ మీద ఒక కుర్రాడి ఫోటో ఉంది. ఆమె అన్న. 1944 జనవరిలో ఊళ్ళోని విమానాల ప్రొపెల్లర్ల ఫ్యాక్టరీని రెసిస్టెన్స్ వాళ్ళు, అంటే జర్మన్ ఆక్రమణను రహస్యంగా ఎదిరించేవాళ్ళు, పేల్చేశారు. మే 12న జర్మన్ ఎస్ఎస్ సైన్యం ఊరిని చుట్టుముట్టి, 500 మందికి పైగా మనుషుల్ని పట్టుకుపోయింది. చాలామందిని డాకౌ, నొయెన్‌గమె నాజీ నిర్బంధ శిబిరాలకు తరలించారు. అందులో ఎందరో తిరిగి రాలేదు. వాళ్ళన్న కూడా. అది శుక్రవారం. ఆదివారం చర్చికి వేసుకోవడానికి ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా అలమరలో ఏళ్ళ తరబడి అలాగే ఉండేదని, అమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదని చెప్పింది. తర్వాత, "మీ ఊళ్ళో ఆపిల్స్ పండుతాయా?" అని అడిగింది.

ఆ ప్రొపెల్లర్ల ఫ్యాక్టరీ, రత్యే, ఇప్పటికీ ఉంది. A400ఎం అనే సైనిక రవాణా విమానానికి ఎనిమిది రెక్కల ప్రొపెల్లర్లు అక్కడే చేస్తారు. పెద్దాయన ఈ వృత్తిలోకి రావడానికి ఆ ఫ్యాక్టరీయే కారణం. వాళ్ళ నాన్న అందులో పనిచేశాడు.

* * *

భోజనం తర్వాత అమ్మ కునుకు తీసింది. మేం మళ్ళీ నడక మొదలుపెట్టాం. సందులో నుంచి సందులోకి, ఒక తోరణం కింది నుంచి దాటి ఒక చిన్న ఆవరణలోకి తీసుకెళ్ళాడు. చుట్టూ పాత రాతి ఇళ్ళు. నేలంతా ఒకే నల్ల గ్రానైట్ పరుపు, దాని నిండా చెక్కిన అక్షరాలు.

హీరోగ్లిఫ్‌లను, అంటే ప్రాచీన ఈజిప్టు బొమ్మల లిపిని, చదివిన ఝాన్ ఫ్రాంస్వా షాంపోలియన్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1790లో. 1822లో ఆయన ఆ రహస్యం విప్పాడు. ఒకే శాసనం మూడు లిపుల్లో ఉండి దానికి దారి చూపిన రొసెట్టా రాయిని ఎన్నో రెట్లు పెద్దది చేసి జోసెఫ్ కొసూత్ అనే అమెరికన్ కళాకారుడు 1991లో ఈ నేల మీద పరిచాడు. పైన హీరోగ్లిఫ్‌లు, మధ్యలో ఈజిప్టువాళ్ళ వాడుక లిపి డెమోటిక్, కింద గ్రీకు. ఊరి జనం దాని మీద నుంచే రాకపోకలు సాగిస్తారు. ఇద్దరు పిల్లలు స్కూటర్ల మీద తిరుగుతున్నారు.

పెద్దాయన నడుచుకుంటూ మధ్యకి వెళ్ళిపోయాడు. నేను అంచున ఆగిపోయాను. కాలు ముందుకు పడలేదు.

మా నాన్న తెనాలిలో కంపోజిటర్. ట్రెడిల్ మెషిన్లున్న ఒక చిన్న ప్రెస్‌లో పని. బడి అయిపోగానే నేను నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని. సిరా వాసన, టైపు కడిగే కిరసనాయిలు వాసన, మెషిన్ లయ. చెక్క కేసుల్లో గళ్ళు, గడికో అక్షరం. నాన్న కాపీ వంకే చూస్తుంటే చేయి దానంతటది గడి దగ్గరికి వెళ్ళి, సీసపు అక్షరాన్ని తెచ్చి స్టిక్‌లో పెట్టేది. అక్షరాలు తిరగేసి ఉండేవి. నేను బళ్ళో అక్షరాలు నేర్చుకున్నదానికంటే ముందు నాన్న దగ్గర తిరగేసిన అక్షరాలు చదవడం నేర్చుకున్నాను. టైపు చేయి జారి కింద పడితే నాన్న వంగి తీసి, కళ్ళకద్దుకుని, అప్పుడు గడిలో వేసేవాడు. రోజుకు ఎన్నిసార్లు పడినా అన్నిసార్లూ. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఆ కేసులన్నీ బరువు లెక్కన పాత సీసం కింద అమ్మేశారు. ఆ రోజు నాన్న అన్నం తినలేదు.

అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను అక్షరాల మీద చెప్పులతో ఎలా నడవను? ఆ లిపి నాకు రాకపోవచ్చు. అక్షరం అక్షరమే.

పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, ఏమైందన్నాడు. వచ్చిన ఫ్రెంచ్‌లో, రాని చోట ఇంగ్లీషులో, ఇదంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. నేను ముగించాక, తను నడిచిన దారినే అంచుకి వచ్చేసి, నా పక్కన రాతి గట్టు మీద కూర్చున్నాడు. కేసులో ఎన్ని గళ్ళుంటాయి, గుణింతాలు విడిగా పోస్తారా, ఒత్తులు ఎక్కడ పెడతారు అని ఒక్కోటి అడిగాడు. ఇంజనీరు కదా, బొమ్మ గీసి చూపించేదాకా వదల్లేదు. రొట్టె చుట్టిన కాగితం మీద "క్క" ఎలా కడతారో గీశాను.

అదే కాగితం రెండో వైపు ఆయన షాంపోలియన్ పద్ధతి గీశాడు. రాజుల పేర్ల చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీత ఉంటుంది. ఒక దాంట్లో టోలెమీ, ఇంకో దాంట్లో క్లియోపాత్రా. రెండు పేర్లలోనూ ఉన్న ప, ఒ, ల ధ్వనులకు రెండు చోట్లా అవే బొమ్మలు, అవి ఉండాల్సిన స్థానాల్లోనే ఉన్నాయి. అంటే ఆ బొమ్మలు పలుకుతున్నాయి. తర్వాత సూర్యుడి బొమ్మతో మొదలయ్యే పేరు. పాత ఈజిప్టు భాషకు చివరి రూపమైన కాప్టిక్‌లో సూర్యుడు "రే". దాంతో రామ్‌సెస్ పేరు చదివాడు. షాంపోలియన్ వాళ్ళ నాన్న ఈ ఊళ్ళోనే పుస్తకాల దుకాణం నడిపేవాడు. ఆ ఇల్లు ఉన్న చోటే ఇప్పుడు ప్రపంచ లిపుల మ్యూజియం. షాంపోలియన్ 41 ఏళ్ళకే పోయాడు. "పుస్తకాల కొట్టువాడి కొడుకు" అన్నాడు పెద్దాయన, నా వైపు చూసి. ఇంకేమీ అనలేదు. నాకు మా నాన్నను అంతకంటే బాగా గౌరవించిన మాట ఎవరి నోటా వినబడలేదు.

వంగి, చేత్తో ఆ రాతిని తాకి కళ్ళకద్దుకున్నాను. ఎండకు వెచ్చగా ఉంది. తర్వాత ఇద్దరం అంచు వెంబడే నడిచి, పైనున్న చిన్న తోటలోకి ఎక్కి, మూడు లిపుల్నీ ఒకేసారి చూశాం.

* * *

ఆ సాయంత్రం ఇంకా చాలాసేపు నడిచాం. వీపు సంచులకి ఆల్చిప్పలు వేలాడదీసుకుని వెళ్ళే యాత్రికులు కనిపించారు. ల ప్యుయి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో దాకా దాదాపు 1,500 కిలోమీటర్ల కాలినడక దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. గోడల మీద తెలుపు, ఎరుపు గీతలే వాళ్ళకు దారి చూపించే గుర్తులు. ఒకామె అరికాలికి బొబ్బలెక్కి మెట్టు మీద కూర్చుంటే పెద్దాయన మందుల షాపు దాకా తోడు వెళ్ళాడు. ఆలస్యమై మా రైలు తప్పిపోయింది. ఆయనకు ఏ కంగారూ లేదు. తర్వాతి రైలు వరకు అమ్మ మళ్ళీ పాస్తీస్ పెడుతుందన్నాడు. పెట్టింది.

ఆ తర్వాత కూడా తులూజ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయనతో ఫిజాక్ వెళ్తూనే ఉన్నాను. నేను హైదరాబాద్ తిరిగి వచ్చేసిన ఏడాది వాళ్ళమ్మ పోయింది. ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు సొలెయోకి అద్దాలు బిగించి గది చేసుకున్నారని ఆయన రాస్తే చాలా బాధేసింది.

ఒజెయ్ సూప్ నేను చుక్కకూరతో చేస్తాను. వెన్న కొంచెం ఎక్కువ పడాలి, దుంప మెత్తగా చిదిమిపోవాలి, పచ్చసొన మంట మీద ఉండగా వేస్తే విరిగిపోతుంది, దించాకే కలపాలి. అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మొదటిసారి పోశాను. సగం తాగి, "బాగుందే, కానీ తాలింపు మర్చిపోయావు" అని లేచి, నేను వద్దనే లోపే నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి వేయించి పైన పోసింది. పెద్దాయనకి ఆ సంగతి రాస్తే, ఎండుమిర్చి ఎన్ని వేయాలో కొలత పంపమన్నాడు. పంపాను. ఆయనా అలాగే చేసుకునేవాడట.